కేటగిరీ 1 తనిఖీకి మా పాత తెరచాప పడవ: పనుల డైరీ

జనవరి: జాబితా చేతికి వచ్చింది

న్యూజిలాండ్‌లో రిజిస్టరైన సొంత పడవ ఏదైనా విదేశానికి బయలుదేరాలంటే, పడవా దానిలోని రక్షణ సామగ్రీ ఆ ప్రయాణానికి తట్టుకోగలవనీ, నడిపేవారికి తగిన అనుభవం ఉందనీ ముందుగా రుజువు చేసుకోవాలి. 1994 నాటి మారిటైమ్ ట్రాన్స్‌పోర్ట్ చట్టంలోని 21వ సెక్షన్ ఈ షరతు పెట్టింది. ఆచరణలో యాటింగ్ న్యూజిలాండ్ సంస్థ తరఫు ఇన్‌స్పెక్టరు పడవలోకి వచ్చి, ఒక్కొక్క వస్తువునూ పరీక్షించి, కేటగిరీ 1 సర్టిఫికెట్ ఇస్తేనే మిగతా అనుమతుల పని ముందుకు సాగుతుంది.

మా పడవ 1978లో కట్టినది. 32 అడుగుల పొడవు, ఫైబర్‌గ్లాస్ దేహం, ఒకే తెరచాప స్తంభం, చక్రంతో తిరిగే చుక్కాని, చిన్న డీజిల్ ఇంజను. నేనూ మా తమ్ముడూ కలిసి కొనుక్కున్నాం. ఇంతకాలం ఆక్లండ్ ముంగిట ఉన్న హౌరాకి గల్ఫ్‌లోనూ, ఉత్తరాన బే ఆఫ్ ఐలండ్స్ దాకానూ తిరిగాం. ఈసారి మా ఆయనను కూడా కలుపుకొని ముగ్గురం ఫిజీ వెళ్ళాలనుకున్నాం. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా కూలీలుగా వెళ్ళిన తెలుగువారి సంతతి ఇంకా ఉన్న దీవులవి. బే ఆఫ్ ఐలండ్స్‌లోని ఒపువా రేవు నుంచి సుమారు 1,100 నాటికల్ మైళ్ళు. దక్షిణ పసిఫిక్‌లో తుఫానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు సాగుతుంది కాబట్టి మే నెలకు ముందు బయలుదేరే వీలు లేదు, ఆ తర్వాత ఎక్కువ ఆలస్యం చేస్తే ఇక్కడి చలికాలపు గాలివానలు మొదలవుతాయి. అందువల్ల ఏప్రిల్ నెలాఖరులోగా పడవ సిద్ధం కావాలి.

ఇన్‌స్పెక్టరు ముందుగా ఒకసారి వచ్చి, పడవను నీటిలోనే చూసి, చేయవలసిన పనుల జాబితా ఇచ్చి వెళ్ళారు. పాత పడవల విషయంలో ఇలా ముందే పిలవడం మంచిది. చివరి వారంలో పిలిస్తే పెద్ద పనులకు సమయం మిగలదు.

ఈ నిబంధన గురించి పడవల యార్డుల్లో ఎప్పుడూ వాదోపవాదాలు వినిపిస్తూనే ఉంటాయి. విదేశీ జెండా కింద తిరిగే పడవలకు ఇది వర్తించదు. రేడియో, అత్యవసర సంకేత పరికరం లేకుండా ఒపువా నుంచి బయలుదేరినందుకు బిల్ సెల్లర్స్ అనే నావికుడిపై పెట్టిన కేసులో, విదేశీ నౌకలపై న్యూజిలాండ్ తన సొంత షరతులు విధించజాలదని అప్పీలు కోర్టు 1998లో తీర్పు చెప్పింది. అలాంటప్పుడు స్థానికులకే ఈ భారం ఎందుకన్నది కొందరి ప్రశ్న. నేను మాత్రం నిబంధన పక్షానే ఉన్నాను. 1994 జూన్‌లో న్యూజిలాండ్, టోంగాల మధ్య చెలరేగిన తుఫానులో 21 మందిని కాపాడగలిగారు, ఏడు పడవలను నడిసముద్రంలో వదిలేశారు, క్వార్టర్‌మాస్టర్ అనే పడవలోని ముగ్గురు మాత్రం దక్కలేదు. 1928 నాటి నీనా అనే అమెరికా తెరచాప నౌక 2013 మే నెలాఖరున ఇదే ఒపువా నుంచి ఆస్ట్రేలియాకు బయలుదేరి, టాస్మన్ సముద్రంలో ఏడుగురితో సహా గల్లంతైంది. తనిఖీ జరిగి ఉంటే ఆ నౌక నిలిచేదని ఎవరూ చెప్పలేరు. కానీ మేము వెళ్ళబోయేది అదే నీటిలోకి కాబట్టి, ఇంకొకరి కంటితో పడవను చూడనివ్వడం నాకు అవసరంగానే తోచింది.

ఫిబ్రవరి: పడవ అడుగున ఉన్న రంధ్రాలు

ఫాంగరేలోని ఒక యార్డులో పడవను ట్రావెల్ లిఫ్టుతో పైకెత్తించి స్టాండ్ల మీద నిలబెట్టించాము. అడుగు భాగాన్ని నీటి ప్రెషరుతో కడిగాక ముందుగా కీల్, అంటే పడవ బోల్తా పడకుండా అడుగున బిగించిన బరువైన రెక్క, చూశాను. సీసపు కీల్ దేహానికి కలిసే చోట సన్నటి పగులు గానీ, తుప్పు కారిన చార గానీ ఉంటే లోపల బోల్టుల దాకా నీరు పోతోందని అర్థం. 2014 మేలో ఉత్తర అట్లాంటిక్‌లో చీకీ రఫీకి అనే పడవ కీల్ ఊడిపోయి బోల్తాపడి, నలుగురు నావికులు చనిపోయిన తర్వాత ఈ అతుకును ఎవరూ తేలికగా తీసుకోవడం లేదు. మా పడవలో అతుకు పొడిగా ఉంది. లోపల బోల్టుల నట్లను టార్క్ రెంచితో బిగించి చూస్తే ఏదీ కదలలేదు.

అసలు పని రంధ్రాల దగ్గర మొదలైంది. ఇంజనును చల్లబరిచే నీరు లోపలికి రావడానికి, వంటగది సింకు నీరు బయటికి పోవడానికి, టాయిలెట్ రాకపోకలకు, కాక్‌పిట్‌లో, అంటే పడవ నడిపేవారు కూర్చొనే బయటి గుంటలో, పడిన నీరు జారిపోవడానికి నీటిమట్టం కిందనే రంధ్రాలు ఉంటాయి. ప్రతి రంధ్రానికీ ఒక వాల్వు ఉంటుంది. మా పడవలో సగానికి పైగా పాత ఇత్తడి గేటు వాల్వులు, అంటే ఇంటి కుళాయిలా గుండ్రటి పిడి తిప్పి మూసేవి. అవి తిరుగుతూనే ఉన్నాయి, చుక్క నీరు కూడా కారడం లేదు. అయినా ఇన్‌స్పెక్టరు వాటన్నిటి పక్కనా గుర్తు పెట్టి వెళ్ళారు.

కారణం వాటిని విప్పాక కంటికి కనిపించింది. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. ఏళ్ళ తరబడి ఉప్పునీటిలో ఉంటే జింకు కొద్దికొద్దిగా కరిగి వెళ్ళిపోయి, రాగి మాత్రం కంటికి కనిపించని సూక్ష్మరంధ్రాలతో మిగిలిపోతుంది. ఆకారం అలాగే ఉంటుంది, బలం ఉండదు. సింకు కింది వాల్వును తమ్ముడు బెంచి మీద బిగించి హ్యాక్సా బ్లేడుతో అడ్డంగా కోశాడు. కోసిన చోట పసుపుపచ్చటి మెరుపు మధ్యలో సన్నటి వలయంగా మాత్రమే ఉంది. దానికి లోపలా బయటా అంతా గులాబీ రంగు తిరిగిన గరుకు లోహం. దాని అంచును ప్లయరుతో పట్టుకొని వంచగానే పెళుసుగా తెగి వచ్చింది. "అక్కా, దీని మీద ఎవరైనా కాలు వేసి ఉంటే ఏమయ్యేది?" అన్నాడు తమ్ముడు. సింకు కింద సామాన్లు సర్దే ప్రతిసారీ ఆ వాల్వుకు ఏదో ఒకటి తగులుతూనే ఉండేది.

ఏమయ్యేదో లెక్క కట్టి చూశాము. నీటిమట్టానికి 60 సెంటీమీటర్ల లోతులో 38 మిల్లీమీటర్ల వ్యాసం గల రంధ్రం పూర్తిగా తెరుచుకుంటే, నిమిషానికి సుమారు 140 లీటర్ల నీరు లోపలికి వస్తుంది. చేతి పంపుతో మనిషి ఆగకుండా తోడగలిగేది దానిలో సగం కూడా ఉండదు, అలసిన కొద్దీ అదీ తగ్గిపోతుంది. ఈ లెక్క వేసుకున్నాక, మంచిగా కనిపిస్తున్న వాల్వులను కూడా ఉంచుకోవాలన్న ఆలోచన మానుకొని అన్నిటినీ మార్చేశాము.

కొత్తవాటికి న్యూజిలాండ్‌లోనే తయారయ్యే ట్రూడిజైన్ కంపెనీ వాల్వులు తీసుకున్నాము. ఇవి గాజు పోగులు కలిపిన నైలాన్‌తో చేసినవి కాబట్టి లోహంలా తినేయడం ఉండదు. పైగా ఇవి బాల్ వాల్వులు. పిడి పైపు వెంట వరసగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. గేటు వాల్వు మూసుకుందో, మధ్యలో చెత్త అడ్డుపడి ఆగిందో చూసి చెప్పలేము. దీనిని చీకట్లో చేత్తో తడిమి కూడా చెప్పవచ్చు. పాత రంధ్రాల చుట్టూ ఫైబర్‌గ్లాస్‌ను పొడి పొర తగిలేదాకా అరగదీసి, లోపలి వైపు ఎపాక్సీ జిగురుతో మందపాటి దిమ్మెలు పోసి, వాటి మీద ఫిట్టింగులను సికాఫ్లెక్స్ సీలెంట్ పట్టించి బిగించాము. ప్రతి గొట్టానికీ రెండేసి 316 స్టెయిన్‌లెస్ క్లిప్పులు. ప్రతి వాల్వు పక్కనా దాని రంధ్రానికి సరిపోయే మెత్తటి కొయ్య బిరడాను తాడుతో కట్టి ఉంచడం నిబంధన. బిరడా ఒక చివర సన్నగా ఉండాలి, రంగు గానీ వార్నిష్ గానీ వేయకూడదు, ఎందుకంటే నీటికి ఉబ్బితేనే అది రంధ్రంలో బిగుసుకుంటుంది.

మార్చి: స్తంభమూ, దానిని పట్టి ఉంచే వైర్లూ

తెరచాప స్తంభాన్ని క్రేనుతో దించి పడుకోబెట్టించాము. దానిని నాలుగు వైపులా లాగి నిలబెట్టే స్టెయిన్‌లెస్ వైర్ల వయసు ఎంతో చెప్పే కాగితాలు మా దగ్గర లేవు. వయసు తెలియని వైరును మార్చడమే ఉత్తమమని రిగ్గింగు మేస్త్రి చెప్పారు. మేము అన్నీ కొత్తవి వేయించాము, ఖర్చులో సింహభాగం దానికే పోయింది.

అయితే నా ఉద్దేశంలో వైర్ల కంటే ముఖ్యమైనది వైర్లను దేహానికి కలిపే చెయిన్‌ప్లేట్లు. ఇవి డెక్‌ను చీల్చుకొని కిందికి దిగి, లోపలి గోడలకు బోల్టులతో బిగిసి ఉండే మందపాటి స్టెయిన్‌లెస్ పట్టీలు. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా కాపాడేది దాని ఉపరితలం మీది సన్నటి ఆక్సైడు పొర. ఆ పొర నిలవడానికి గాలి తగలాలి. డెక్ మందంలో సీలెంట్ మధ్య ఇరుక్కున్న ఆ రెండు మూడు సెంటీమీటర్ల భాగానికి గాలి తగలదు, తేమ మాత్రం చేరుతుంది. అక్కడే పట్టీని తుప్పు లోలోపల తినేస్తుంది. పైనుంచి చూస్తే మెరుస్తుంది, కింది నుంచి చూసినా మెరుస్తుంది, ఆ మధ్య భాగం బయటికి లాగితే తప్ప తెలియదు.

ఎడమ వైపు ప్రధాన చెయిన్‌ప్లేటు లాగినప్పుడు డెక్ లోపల ఉండిన భాగంలో గోధుమరంగు మచ్చల వరస కనిపించింది. శుభ్రంగా తుడిచి, పగుళ్ళను పట్టించే ఎర్రటి ద్రవం పూసి, కాసేపు ఉంచి, తుడిచేసి, దాని మీద తెల్లటి డెవలపర్ పొడిని స్ప్రే చేశాము. కొద్ది నిమిషాలకు ఆ తెలుపు మీద, పట్టీ వెడల్పులో మూడోవంతు దాకా, వెంట్రుకవాసి ఎర్రటి గీత పైకి తేలింది. గోరుతో తడిమితే అక్కడ ఏ గరుకూ తగలలేదు. మిగతా వాటిలో ఒకదానికి బోల్టు రంధ్రం అంచున చిన్న గీత కనిపించింది, తక్కినవి బాగానే ఉన్నాయి. ఒకే వయసు గల పట్టీలు కాబట్టి అన్నిటినీ కొత్తగా చేయించాము. పాతవాటి కన్నా కాస్త మందం పెంచి, డెక్‌లోని చీలికలను వెడల్పు చేసి, తడిసి మెత్తబడిన ప్లైవుడ్‌ను గీకి తీసి, ఎపాక్సీ నింపి, దానిలో మళ్ళీ చీలిక కోశాము. ఇక డెక్‌లోకి నీరు దిగినా చెక్కకు తగలదు.

డెక్ చుట్టూ ఉండే రక్షణ వైర్ల సంగతి ఇదే కోవలోనిది. తెల్లటి ప్లాస్టిక్ తొడుగు ఉన్న పాత వైర్లు చేతికి మెత్తగా ఉంటాయి, కానీ తొడుగు కింద తుప్పు దాగి ఉంటుంది. వాటిని తీసేసి తొడుగు లేని 4 మిల్లీమీటర్ల వైరు వేశాము. పై వైరు డెక్ నుంచి 600 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఆ వైర్లను నిలిపే మా పాత స్తంభికలు పొట్టివి కావడంతో వాటిని మార్చక తప్పలేదు.

మార్చి నెలాఖరు: చక్రం పనిచేయకపోతే

చుక్కానికీ చక్రానికీ మధ్య ఉన్న కేబుల్ తెగితే, చుక్కాని కడ్డీ మీదనే నేరుగా తొడిగి తిప్పే అత్యవసర పిడి ఒకటి ఉండాలి. మా పడవలో అది ఉంది, లాకరు అడుగున, కట్టినప్పటి నుంచి ఎవరూ వాడినట్టు లేదు. రేవులోనే తొడిగి చూస్తే సరిగ్గా కూర్చుంది. కానీ పక్కకు తిప్పగానే ఆ పిడి, చక్రాన్ని నిలిపే దిమ్మెకు తగిలి ఆగిపోయింది. అటు పదిహేను డిగ్రీలు, ఇటు పదిహేను డిగ్రీలు, అంతే. అలలు వెనక నుంచి తరుముతున్నప్పుడు ఆ కాస్త తిప్పుడుతో పడవను అదుపులో ఉంచడం జరగని పని.

ఈ సందర్భంలో తారిణి గుర్తుకు వచ్చింది. 2017లో గోవా నుంచి బయలుదేరి భూమి చుట్టి వచ్చిన భారత నౌకాదళపు ఆ తెరచాప పడవలో ఆరుగురూ మహిళలే; వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. ఆ ఏడాది చివర్లో వారు న్యూజిలాండ్‌లోని లిటిల్టన్ రేవులో ఆగారు. 2018 ఏప్రిల్‌లో ఇంటి ముఖం పట్టాక స్టీరింగులో లోపం వచ్చి మారిషస్‌లో ఆగవలసి వచ్చింది. అంత సన్నద్ధతతో వెళ్ళిన కొత్త పడవకే ఆ ఇబ్బంది వచ్చినప్పుడు, నలభై ఏళ్ళు దాటిన మా కేబుళ్ళ విషయం వేరే చెప్పనక్కరలేదు.

వెల్డింగు షాపులో ఆ పిడిని రెండుగా కోయించి, మొదట నిటారుగా పైకి లేచి చక్రం అంచును దాటాక వెనక్కి వంగేలా మళ్ళీ అతికించాము. పొడవు పెరగడంతో పట్టు కూడా పెరిగింది. పడవను నీటిలోకి దించాక హార్బరు బయట, గాలి ఓ మోస్తరుగా ఉన్న రోజున, కేబుల్ విప్పేసి దీనితోనే ముగ్గురం వంతులవారీగా నడిపాము. దీని కోసం ఇద్దరు కావాలని తేలింది: ఒకరు పిడి పట్టుకోవాలి, కూర్చున్న దిశలో దిక్సూచి కనిపించదు కాబట్టి ఇంకొకరు దిశ చెప్పాలి. ఆ తర్వాత చేతిలో పట్టుకొనే చిన్న దిక్సూచిని వెనుక భాగంలో బిగించుకున్నాము.

ఏప్రిల్ మొదటి సగం: మిగతా సామగ్రి

చేతి పంపులు రెండు ఉండాలి. ఒకటి క్యాబిన్ లోపల, రెండోది తలుపులన్నీ మూసి ఉన్నా కాక్‌పిట్ నుంచి కొట్టగలిగేది. మా వేల్ గషర్ పంపుల రబ్బరు డయాఫ్రములు ఎండి పగిలి ఉన్నాయి, వాటిని మార్చి, పిడులను తాళ్ళతో కట్టి, క్యాబిన్ అడుగున గొట్టంతో నీరు నింపి తోడి చూశాము. రెండు గట్టి బకెట్లు కూడా జాబితాలో ఉన్నాయి.

పెనుగాలిలో వాడే తుఫాను తెరచాపలు, ముందువైపుది ఒకటి, స్తంభం వెనుకది ఒకటి, మా పడవకు ఎప్పుడూ లేవు. ముందువైపు చిన్న తెరచాప వైశాల్యం, ముందు త్రికోణపు (స్తంభానికీ, పడవ ముందు కొనకు దిగే వైరుకూ మధ్య ఉండే త్రికోణం) ఎత్తు వర్గంలో 5 శాతం మించకూడదు. మాకు ఆ ఎత్తు 12.2 మీటర్లు, కాబట్టి 7.4 చదరపు మీటర్ల లోపు. తెరచాపలు కుట్టేవారు రెండింటినీ బాగా కనిపించే నారింజ రంగు బట్టతో కుట్టి ఇచ్చారు. ముందు తెరచాప రోలర్ మీద చుట్టుకొనేది కావడంతో, దీనిని ఎగరేయడానికి లోపలి వైపు ఇంకో విప్పదగిన వైరు వేయించవలసి వచ్చింది.

లైఫ్ రాఫ్టును సర్వీసు స్టేషనుకు పంపించాము. 406 మెగాహెర్ట్జ్ ఈపర్బ్‌ను, అంటే ఉపగ్రహాల ద్వారా ఆపద సంకేతం పంపే పరికరాన్ని, న్యూజిలాండ్ రెస్క్యూ కోఆర్డినేషన్ సెంటర్ దగ్గర పడవ వివరాలతో రిజిస్టరు చేయించాము. దక్షిణ ధ్రువం నుంచి భూమధ్యరేఖ సమీపం దాకా దాదాపు మూడు కోట్ల చదరపు కిలోమీటర్లు ఆ కేంద్రం బాధ్యత. అంత విస్తీర్ణంలో ఏ పడవ, ఎంతమంది, ఒడ్డున ఎవరికి ఫోన్ చేయాలి అన్నది వారికి ముందే తెలిసి ఉండడం చిన్న విషయం కాదు.

వంట గ్యాసు లైనును సర్టిఫైడ్ గ్యాస్ ఫిట్టరు కొత్తగా వేశారు. గ్యాసు గాలి కన్నా బరువైనది. లీకయితే పడవ అడుగున చేరి నిలిచిపోతుంది. అందువల్ల సిలిండరు పెట్టే అర నుంచి బయటికి తప్ప లోపలికి దారి ఉండకూడదు. బ్యాటరీలు, పొయ్యి, నేల పలకలు, లాకరు మూతలు, లంగరు గొలుసు అన్నిటినీ పడవ తలకిందులైనా కదలని విధంగా బిగించాము. ఈ పని మా ఆయన ఒక్కరే చేశారు. ప్రతి మూతకూ వేలితో తిప్పే గడియ.

ఏప్రిల్ మూడో వారం: తనిఖీ

ఇన్‌స్పెక్టరు ఉదయమే వచ్చారు. చేతిలో జాబితా ఉన్నా, ఆయన "ఉందా?" అని అడిగినవి తక్కువ. "పనిచేయించి చూపించండి" అన్నవే ఎక్కువ. తమ్ముడిని కళ్ళు మూసుకొని కాక్‌పిట్ పంపు పిడి తీసి అమర్చమన్నారు. మా ఆయనను ఇంజను నీటి వాల్వు ఎక్కడుందో చూపించి, మూసి, పక్కనున్న బిరడాను విప్పమన్నారు. పడవ నడిపే నేను స్పృహ తప్పితే రేడియోలో ఎవరు మాట్లాడతారని అడిగి, మిగిలిన ఇద్దరిచేతా ఆపద సందేశాన్ని వరసగా చెప్పించారు.

ఎక్కువసేపు గడిచింది నీటిలో పడిన మనిషిని పైకి తేవడం దగ్గర. మా ఆయన లైఫ్ జాకెట్టు, హార్నెస్సు (ఒంటికి బిగించుకొనే రక్షణ పట్టీలు) వేసుకొని రేవు పక్కన నీటిలోకి దిగారు. తడిసిన బట్టలతో ఉన్న పెద్దమనిషిని నేను ఒక్కదాన్నే డెక్ మీదికి లాగాలి. తెరచాప ఎత్తే తాడును హార్నెస్సుకు తగిలించి వించితో (తాడును చుట్టి లాగే యంత్రం) చుట్టాను. డెక్ చుట్టూ ఉన్న రక్షణ వైర్లలో పై వైరు దగ్గర ఆయన ఇరుక్కున్నారు. వైరు చివర టర్న్‌బకిల్‌కు (వైరును బిగించే మరకు) బదులు తాడుతో కట్టి ఉంచితే, అవసరమైనప్పుడు కత్తితో కోసి దారి చేసుకోవచ్చని ఇన్‌స్పెక్టరు చెప్పారు. అప్పటికప్పుడు తమ్ముడు ఎడమ వైపు తాడు కట్టాడు, రెండోసారి మనిషి సులువుగా పైకి వచ్చారు.

చెయిన్‌ప్లేట్ల ఫొటోలు, రిగ్గింగు మేస్త్రి నివేదిక, గ్యాస్ సర్టిఫికెట్, లైఫ్ రాఫ్టు కాగితాలు, మా ప్రథమ చికిత్స, సముద్రంలో ప్రాణరక్షణ కోర్సుల పత్రాలు చూశాక, ఆయన మూడు లోపాలు రాసి ఇచ్చారు. క్యాబిన్ ద్వారపు పలకలకు తాళ్ళు ఉన్నా, లోపలి నుంచీ బయటి నుంచీ రెండు వైపులా వేయగలిగే గడియ లేదు. హార్నెస్సు తాడు తగిలించే కొక్కెం ఒకటి ద్వారం పక్కనే ఉండాలి, మెట్లు ఎక్కకముందే తగిలించుకొనేలా. వెనుక ఉన్న లైఫ్ బాయ్ (నీటిలో పడినవారికి విసిరే తేలే వలయం) మీద పడవ పేరు చెరిగిపోయింది.

ఏప్రిల్ చివరి వారం

ద్వారానికి స్టెయిన్‌లెస్ గడియ వేసి, కొక్కేన్ని డెక్ కింద బ్యాకింగ్ ప్లేటుతో బోల్టు చేసి, కుడి వైపు రక్షణ వైరుకు కూడా తాడు కట్టి ఫొటోలు పంపాము. ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చి గడియను లోపలి నుంచి ఒకసారి, బయటి నుంచి ఒకసారి వేసి చూసి సంతకం చేశారు. కేటగిరీ 1 కాగితం, పడవ రిజిస్ట్రేషను నకలు, మా పాస్‌పోర్టులు ఒకే ఫైలులో పెట్టాము. పడవను ఒపువాకు తీసుకువెళ్ళి, టోంగా దక్షిణాన ఉన్న అల్పపీడనం తూర్పుకు జరిగేదాకా అక్కడే ఉంటాము. ఈలోగా కొత్త వైర్లను మరొకసారి బిగించవలసి ఉంది. మొదటి ప్రయాణంలో అవి కొద్దిగా సాగుతాయని రిగ్గింగు మేస్త్రి ముందే చెప్పారు.